ఒక్క జత స్కీల వాక్యానికి టీకా తాత్పర్యము

మూలము: “పార్కుకీ పౌడర్‌కీ పనికొచ్చే స్కీలు ఒక్క జత ఇవ్వండి.”

అవతారిక: కెనడాలోని విస్లర్ వంటి కొండ ఊరి దుకాణంలో కొనుగోలుదారు పలికిన వాక్యమిది. వక్త రెండు జతలకు డబ్బు చాలనివాడు. డబ్బు చాలినా కారు మీద చోటు చాలనివాడని కొందరి పాఠము.

ప్రతిపదార్థము: పార్కుకీ = మంచును దిబ్బలుగా పోసి, గట్టిగా అదిమి, ఇనుప రెయిళ్ళు నిలిపి, ఎగరడానికీ జారడానికీ కట్టిన ఆటస్థలమునకును; పౌడర్‌కీ = ఇంకా ఎవరూ తొక్కని, కాలు పెడితే మోకాటిదాకా దిగబడే కొత్త మంచునకును; పనికొచ్చే = రెండుచోట్లా తిట్లు తినని; ఒక్క జత = రెండు పలకలను (కాళ్ళు రెండే గనుక); ఇవ్వండి = వెల పుచ్చుకొని అని శేషము.

తాత్పర్యము: ఈ వాక్యాన్ని విప్పబోయేవారంతా ముందు నడుము కొలుస్తారు, అంటే పాదం కింద స్కీ వెడల్పు. పార్కు స్కీలకు అది సాధారణంగా 85 నుంచి 95 మిల్లీమీటర్లు. పౌడర్ స్కీలకు 110, ఆపైన. రెండూ కూడి సగం చేస్తే నూరు చిల్లర వస్తుంది, వ్యాఖ్య అయిపోయిందంటారు. లెక్క తప్పు కాదు గానీ చాలదు. నూరు నడుము గల స్కీ ఒకటి తోక బల్లపరుపుగా, కర్రలా బిగుసుకొని ఉండవచ్చు; అదే నడుము గల మరొకటి రెండు కొసలూ పైకి లేచి, మెత్తగా వంగవచ్చు. మొదటిదాని మీద వెనక్కి తిరిగి మంచులో దిగితే తోక గుచ్చుకుంటుంది. కాబట్టి విచారించవలసింది ఆకారాన్ని.

ఆ ఆకారానికి రెండు వంశాలున్నాయి. స్కీ ఆటగాడు మైక్ డగ్లస్, ఆయన మిత్రులు విస్లర్ కొండల మీద వెనక్కి తిరిగి ఎగరడానికీ దిగడానికీ అనువైన స్కీ కావాలని పట్టుబట్టగా, సాలొమాన్ సంస్థ 1998లో ‘టెన్ ఎయిటీ’ తెచ్చింది. గాలిలో మూడు చుట్లు తిరిగితే 1080 డిగ్రీలు; పేరు అందుకే. రెండు కొసలూ లేచిన ఆ ట్విన్ టిప్ పార్కు వంశానికి మూలపురుషుడు. రెండోది అయిన పౌడర్ వంశానికి ఆద్యుడు స్కీ ఆటగాడు షేన్ మెకాంకీ. నీటి మీద తేలే స్కీల తీరు చూసి, మధ్యభాగం కిందికీ కొసలు పైకీ ఉండే రాకర్ ఆకారాన్ని ఆయన పట్టుకున్నాడు. 2002లో వోలాంట్ సంస్థ దాన్ని ‘స్పాటులా’గా అమ్మింది. లోతు మంచులో అది తేలింది. గట్టి మంచు మీద మాత్రం దాన్ని అదుపు చేయడం కష్టమయింది.

ఇక్కడే మూలంలో వక్త చెప్పకుండా మింగిన మాట బయటపడుతుంది. వాక్యంలో ఉన్నవి రెండు నేలలు, కొండ మీద ఉన్నవి మూడు. లిఫ్టు దిగినవాడు పార్కుకు చేరేది అదిమిన గట్టి మంచు మీదుగానే. పార్కులో గెంతుకు ముందు పరుగు, దిగే వాలు కూడా గట్టివే. పౌడర్ అన్నది హిమపాతమైన రోజు ఉదయం దొరుకుతుంది. మధ్యాహ్నానికి జనం దున్ని పారేస్తారు. కనుక వక్త అడగని గట్టి మంచే ఈ వాక్యానికి అసలు కర్త అని నా సిద్ధాంతం. పాదం కింద విల్లులా పైకి వంగిన క్యాంబర్ ఉంటే అంచు గట్టి మంచును పడుతుంది. ముందూ వెనుకా మితమైన రాకర్ ఉంటే కొసలు మెత్తటి మంచులో తేలతాయి. రెండు వంశాలకూ పెళ్ళి కుదిర్చినది ఈ మూడో నేలే.

శంక: రెంటికీ పనికొచ్చేది దేనికీ పూర్తిగా పనికిరాదు గదా? సగం ఒప్పుకుంటాను. నడుములోతు మంచులో 115 మిల్లీమీటర్ల స్కీ ముందు ఇది ఓడుతుంది. రెయిలు మీద సన్నస్కీ ఇంతకంటే చురుగ్గా తిరుగుతుంది. అయితే విస్లర్ మంచు పసిఫిక్ తేమతో బరువైనది, అమెరికాలోని యూటాలో పడే పొడి మంచుకంటే ఎక్కువ బరువు మోస్తుంది; విస్లర్‌లో 100 చాలినచోట యూటాలో మరో అయిదారు మిల్లీమీటర్లు అడగవచ్చు. మరొక శంక: రెయిళ్ళ కోసం అంచులు మొద్దు చేస్తే గట్టి మంచు మీద పట్టు పోదా? పాదం కింది భాగం మాత్రమే, అదీ కొద్దిగా, మొద్దు చేయాలి; మిగతా అంచు పదునుగానే ఉంచాలి. పౌడర్‌కు అంచుతో పెద్ద పేచీ లేదు. రెండు జతలు కొనవచ్చుగా అనేవారికి జవాబు లేదు, వారు ఈ వాక్యమే పలకరు.

ఇక బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ స్థానం. నిక్కమైన పార్కు ఆటగాళ్ళు స్కీ నట్టనడుమ బిగిస్తారు. లోతు మంచులో అలా చేస్తే ముందుభాగం పొట్టిదై ముక్కు మునుగుతుంది. నడిమికి రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి బిగించమని నా తీర్పు. సందేహం తీరకపోతే ముందుకీ వెనక్కీ జరిపే వీలున్న బైండింగ్ అడిగి తీసుకోండి: ఒకసారి వేసిన రంధ్రాలకు మరీ దగ్గరగా మళ్ళీ రంధ్రాలు వేస్తే పలకలో పట్టు పోతుంది.