పరాయివాని చేతిలో ముత్తాత

వంశచరిత్రలను పరాయివారి బారినుండి కాపాడవలెనని కంకణము కట్టుకొన్న మహాశయులు కొందరు ఈ నడుమ బయలుదేరిరి. లోకమునందలి కుటుంబములన్నిటిని ఒకే వృక్షముగా అల్లుటకై స్వచ్ఛందముగా శ్రమించు వికీలలో, ఊరు పేరు ఎరుగని గుమాస్తా యొకడు ఏ దేశాంతరమునుండియో వచ్చి, తమ ముత్తాతగారి పుటను తెరచి, ఆయన జననసంవత్సరమును దిద్ది, క్రింద ఆధారమును కూడ చూపి పోవుట వారికి దుస్సహముగా నున్నది. ముత్తాత తమవాడు గనుక ఆయన ఎప్పుడు పుట్టవలెనో నిర్ణయించు అధికారము తమదే యని వారి వాదము. కావున తలుపులు మూయవలెనట. రక్తసంబంధమును ఋజువు చేసికొన్నవారికే కలము నీయవలెనట.

ఈ వాదమునకు చరిత్రలో గట్టి ఆధారము కలదని ఒప్పుకొనక తప్పదు: వంశచరిత్రను పాడుచేయుటకు సొంతవారికి పరాయివారి సాయము ఎన్నడును అవసరము కాలేదు. వేంగీచాళుక్యులను చూడుడు. 624 ప్రాంతమున కుబ్జవిష్ణువర్ధనుడు ఆ రాజ్యమును నెలకొల్పినది మొదలు, వారి తామ్రశాసనములు మానవ్యసగోత్రులమనియు, హారీతీపుత్రులమనియు చెప్పుకొని తృప్తిపడెను. దాదాపు నాలుగువందల యేండ్లు గడచి, విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమునకు వచ్చునప్పటికి, తాము చంద్రునినుండి దిగివచ్చిన సంగతియు, అయోధ్యలో 59 మంది చక్రవర్తులు వరుసగా ఏలిన సంగతియు, అటుపిమ్మట విజయాదిత్యు డొకడు దక్షిణమునకు దండెత్తివచ్చిన సంగతియు ఒక్కపెట్టున జ్ఞప్తికి వచ్చినవి. పూర్వులకు దూరమగుకొలది వారిని గూర్చిన జ్ఞాపకము నిశితమగుట సామాన్యులకు అలవడు విద్య కాదు.

కాకతీయులను గూర్చియు అట్టిదే కథ. గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి శాసనము ఆ వంశమును ఇక్ష్వాకు, రఘు, దశరథ, రాముల మీదుగా తెచ్చి సూర్యునకు అతికించినది. ఆ రాజుల సేనాని మల్యాల గుండన బూదపూరు శాసనమో, వారు చతుర్థకులజులని సాదాగా చెప్పి ఊరకున్నది. ఇంటివాని వ్రాత ఏదియో, బయటివాని వ్రాత ఏదియో పాఠకులు తామే పోల్చుకొనగలరు.

ఇవి రాజుల గొడవలని కొట్టివేయుటకును వీలు లేదు. స్వీడనులో కూటవ్రాతల నేరమునకు చెరసాల చూచి అమెరికా చేరిన గుస్తావ్ ఆంజూ అను నతడు, న్యూయార్కు చెంత స్టాటెన్ ద్వీపమున కూర్చుండి, ధనిక కుటుంబములకు వంశావళులు సిద్ధము చేసియిచ్చుటే వృత్తిగా జీవించి 1942లో కాలము చేసెను. ఒక్కొక్క వంశమునకు 9,000 డాలర్ల వరకు రుసుము పుచ్చుకొనెనని చెప్పుదురు. ఆ ధరకు ప్రభువులు పూర్వులు కాకుండుటెట్లు? లేని వీలునామాలు పుట్టినవి, లేని చర్చి పుస్తకములు పలికినవి, కోరిన కులీనుడు కోరిన శతాబ్దమున కోరిన బిడ్డను కనెను. సొమ్మిచ్చినవారు వంశీయులే, అచ్చువేయించి గ్రంథాలయములకు కానుక పంపినవారును వంశీయులే. రాబర్ట్ చార్లెస్ ఆండర్సన్ అను వంశచరిత్రకారుడు 1991లో ఈ బండారమును బయటపెట్టు వరకు ఆ వంశీయులు పరమానందమున నుండిరి. ఆ యానందమును భంగపరచినవాడు, చూచితిరా, పరాయివాడు.

పోనిండు, రక్తసంబంధు లనగా ఎవరు? మన యిండ్లలో పెట్టె అడుగున దాచిన వంశవృక్షములను విప్పిచూచినచో, తండ్రినుండి కొడుకునకు, కొడుకునుండి మనుమనికి గీతలు చక్కగా దిగును. కోడండ్రు మాత్రము ఆకాశమునుండి ఊడిపడినట్లు, 'భార్య సీతమ్మ' అను ఒక్క ముక్కతో ప్రత్యక్షమగుదురు. ఆడపడుచులు అత్తవారింటికి పోయిన దినముననే వృక్షమునుండియు పోవుదురు. ఆ సీతమ్మ ఏ యూరి బిడ్డయో చెప్పగలవాడు ఆమె పుట్టింటివాడు. ఆమె కూతుళ్ల సంతతి ఎక్కడ వెలసినదో చెప్పగలవాడు వేరొక యింటిపేరు మోయుచు డల్లాసులోనో డర్బనులోనో నివసించు మునిమనుమడు. తలుపు మూసినచో వీరిరువురును వాకిటనే నిలువవలసినవారు.

డర్బను మాట వచ్చినది గనుక ఒక్కటి చెప్పి ముందుకు పోయెదను. 1860 మొదలు 1911 వరకు నేటాలు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కిన వారిలో మన తెలుగువారు వేలకొలది కలరు. ఓడ జాబితాలలో మనిషి మనిషికి ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రిపేరు, వయస్సు, ఊరు, జిల్లా వ్రాసికొనిరి. తెల్లదొర చెవికి సోకినట్లు వ్రాసిన వ్రాత గనుక ఊరిపేర్లు గుర్తుపట్టరాకుండ వికృతులైనవి. నేడు ఆ కూలీ మనుమని మనుమడు, ఆ వంకర అక్షరములను ముందు పెట్టుకొని, తన పూర్వుని ఊరేదియో తెలిసికొనగోరుచున్నాడు. అతనికి తెలుగు రాదు. మనకో, వంశమునుండి ఒకడు సముద్రము దాటిన సంగతియే గుర్తు లేదు. విశాఖ మండలపు పల్లెల పేర్లు ఎరిగిన ఏ ముక్కు మొగము తెలియని బడిపంతులో ఆ పుట చూచి, 'ఇది ఫలానా అగ్రహారము కావలెను' అని దిద్దినచో నూరేండ్లుగా తెగిన దారము ముడిపడును. కాని ఆ పంతులు రక్తసంబంధి కాడు! దారము తెగియే యుండుగాక, మర్యాద దక్కినది.

అంతకును వంశములను పరాయివాని చేతిలో పెట్టుట మనకు క్రొత్త గాదు. రెడ్ల, కమ్మవారి గోత్రములను ఇంటిపేర్లను కథలుగా చెప్పుచు ఊరూర తిరిగిన వంశరాజులు ఆ వంశములవారు కారు. గయలోను, హరిద్వారములోను యాత్రికుల పేర్లు తరతరములుగా బహీలలో వ్రాసియుంచిన పండాలు మన దాయాదులు కారు.

బయటివారందరును మహాత్ములని నేను వాదింపను. ఎవరో కట్టిన వృక్షమును కంప్యూటరు ఫైలుగా తెచ్చి, చదువకయే కుమ్మరించువారు కలరు. ఒకే పేరుగల యిద్దరిని కలిపివేసి, తల్లికంటె ముందు బిడ్డను పుట్టించు ఘనులును కలరు. అయితే 2008లో క్రిస్ విట్టెన్ స్థాపించిన వికీట్రీ ఈ చిక్కునకు కనిపెట్టిన మందును చూడుడు. వచ్చినవానిని నీ వెవడవని అడుగక, నీ ఆధార మేమని అడుగుదురు. 1700కు ముందటి పుటలను ముట్టవలెనన్నచో ప్రత్యేకానుమతి పొందవలెను, 1500కు ముందటివానికి మరియొక యర్హత కావలెను. జీవించియున్నవారి వివరములు మరుగుననే యుండును. ఎవరు ఏ దినమున ఏమి మార్చిరో చిట్టాలో నిలిచియుండును. ఆంజూగారికి ఇట్టి చిట్టా యొకటి యుండియుండినచో ఆయన మరియొక వృత్తిని వెదకుకొనవలసివచ్చెడిది. జెని అను ఉమ్మడి వంశవృక్షపు సైటునుండి 8 కోట్ల 60 లక్షల పుటలను తీసికొని, శాస్త్రజ్ఞులు 2018లో సైన్స్ పత్రికలో ప్రకటించిన పరిశీలనమున 1 కోటి 30 లక్షలమంది ఒకే వృక్షమున కలిసిరి; జన్యుపరీక్షలతో సరిచూడగా తండ్రి పేరు తప్పినది నూటికి సుమారు రెండు చోట్ల మాత్రమే. రాజాస్థాన కవులను ఇట్టి పరీక్షకు నిలుపవలెనని నా చిరకాల వాంఛ.

తుదకు రక్తసంబంధపు ఋజువు. తరమునకు రెండింతలు చొప్పున వెనుకకు పోయినచో, 30 తరములకు, అనగా గణపతిదేవుని కాలపు దరిదాపులకు, ప్రతి మనుష్యునకును పూర్వుల స్థానములు 107 కోట్లకు పైబడును. అప్పటి లోకజనాభా అందులో సగమైనను లేదు. ఒక్కొక్కరే పలుమారులు పూర్వులై, అందరి కొమ్మలును ఒకదానిలో నొకటి చొచ్చుకొనిపోయినవి. ఇక వాకిట నిలిపి ఋజువు అడుగుటకు పరాయివాడు దొరకుటే దుర్లభము.

కాబట్టి కాపలాదారులారా, మీ పెట్టె అడుగున పడియున్న దస్తావేజులను, మఠపు చిట్టాలను, ఇనాము పత్రములను పైకితీసి ఆ పుటలకు ఆధారములుగా చేర్చుడు. అవి లేనిచో తాళమును దాచుకొని, ఉన్నవానికి దారి యిండు.