రాత్రి నమ్మకస్తుడు, పగలు అనుమానితుడు

నెట్‌వర్క్ ఇంజినీరు ఇంట్లో కూర్చుని పనిచేస్తే ప్రమాదమని ఐటీ కంపెనీలు ఈమధ్య కనిపెట్టాయి. అయితే ఈ ప్రమాదం టైమింగ్స్ పాటిస్తుంది. ఉదయం పదింటికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతుంది. అర్ధరాత్రి దాటి, మార్పులకు కేటాయించిన చేంజ్ విండో మొదలయ్యాక అదే మనిషి, అదే ఇంట్లో, అదే ల్యాప్‌టాప్ తెరిచి, అదే వీపీఎన్ గుండా ఓ బ్యాంకు కోర్ రౌటర్‌లోకి దిగి, సాఫ్ట్‌వేర్ మార్చి రీలోడ్ కొట్టొచ్చు. కొట్టొచ్చు కాదు, కొట్టి తీరాలి. ఆ వేళ ఎవరికీ భద్రత గుర్తుకు రాదు. కలిసి పనిచేయడంలోని మహత్తు, ఆఫీసు సంస్కృతి అసలే గుర్తుకు రావు. నాలుగింటికి బ్రిడ్జి కాల్ దిగి నడుం వాల్చిన ఆ మనిషి మళ్లీ పదింటికల్లా గచ్చిబౌలిలో బ్యాడ్జి చూపించాలి. కాంట్రాక్టు మీద ఉన్నవాడైతే రాకపోయిన రోజుకు బిల్లింగ్ కూడా ఉండదు.

ఇంతకీ ఆఫీసుకొచ్చి అతను చేసేదేమిటి? హెడ్‌ఫోన్ తగిలించుకుని మళ్లీ దూరంలో ఉన్న యంత్రంలోకే లాగిన్ అవుతాడు. రౌటర్ నవీ ముంబైలోని ఐరోలీలో ఉంటుంది, ఫైర్‌వాల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటుంది, టికెట్ ఇచ్చినవాడు పుణెలో ఉంటాడు. గచ్చిబౌలిలో ఉండేది కుర్చీ ఒక్కటే, అదీ రోజుకొకరికి కేటాయించే హాట్ డెస్క్. దూరం నుంచి చేయడమన్నది ఈ వృత్తికి కోవిడ్ కాలంలో అంటిన దురలవాటు కాదు. ఫిన్లాండ్‌లో టాటు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం రాసింది దూరపు యంత్రంతో గుట్టుగా మాట్లాడటానికే. అంతకు ముందు టెల్నెట్‌తో అదే పని బహిరంగంగా జరిగేది. దూరం నుంచి చేసే తప్పుకు విరుగుడు కూడా ఈ వృత్తి ఎప్పుడో సిద్ధం చేసుకుంది. సిస్కో పెట్టెలో మార్పు చేసేముందు ‘రీలోడ్ ఇన్ 10’ అని కొట్టి ఉంచితే, పొరపాటున తన దారి తానే తెంపుకున్నా పది నిమిషాల్లో యంత్రం మళ్లీ లేచి పాత కాన్ఫిగరేషన్‌తో నిలబడుతుంది. జూనిపర్‌లో దీనికే ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ అని పేరు. పది నిమిషాల్లో ఇంజినీరు మళ్లీ ధ్రువీకరించకపోతే మార్పు దానంతటదే రద్దవుతుంది.

భద్రత సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, కానీ అడిగేవారు తమ సేల్స్ విభాగాన్ని అడిగితే మేలు. ‘జీరో ట్రస్ట్’ పేరుతో ఆ విభాగం ఊరంతా తిరిగి అమ్మేది ఈ ప్రశ్నకు జవాబునే. మనిషి ఏ నెట్‌వర్క్‌లో కూర్చున్నాడన్నది నమ్మకానికి ఆధారం కాకూడదు, ప్రతి అభ్యర్థననూ విడిగా పరీక్షించాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 ఆగస్టులో విడుదల చేసిన 800-207 పత్రం సారాంశం ఇదే. గూగుల్ అంతకు ఆరేళ్ల ముందే ‘బియాండ్‌కార్ప్’ పేరుతో ఇదే మాట రాసింది. కస్టమర్‌కు ఈ సిద్ధాంతం అమ్మి, సొంత ఇంజినీరును మాత్రం కూర్చున్న చోటును బట్టి నమ్మే కంపెనీని చూస్తే, తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడే గుర్తుకొస్తాడు.

మరి పెద్ద అవాంతరం వచ్చినప్పుడు మనిషి దగ్గర ఉండొద్దా? ఉండాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మాయమైంది. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండు వెన్నెముకలాంటి నెట్‌వర్క్ మొత్తాన్ని కూల్చింది. అత్యవసరం కోసం ఉంచుకున్న ప్రత్యేక మార్గం కూడా పనిచేయక ఇంజినీర్లను డేటా సెంటర్లకు పరుగెత్తించారు. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ కుప్పకూలి కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఫోన్, ఇంటర్నెట్ లేకుండా ఉండిపోయారు. అక్కడ నెట్‌వర్క్‌ను నడిపించాల్సిన మార్గమే పడిపోయిన ఆ నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉంది. ఈ రెండు ఉదంతాల్లోనూ తేలింది ఒకటే: పెట్టె దగ్గరికి విడిగా ఓ దారి, పెట్టె పక్కన ఓ మనిషి అవసరం. ఆ మనిషి ఉండాల్సింది డేటా సెంటర్‌లో. గచ్చిబౌలి పదకొండో అంతస్తులో హాట్ డెస్క్ దగ్గర ఎంత నిబద్ధతతో కూర్చున్నా అతని చెయ్యి ఐరోలీలోని కేబుల్‌ను అందుకోదు. వేరే దారి కోసం కన్సోల్ సర్వర్, ఓ మొబైల్ మోడెమ్ కొనాలి. బ్యాడ్జి లెక్కలు తీయడానికి ఆ ఖర్చు కూడా ఉండదు మరి.

జూనియర్లు సీనియర్ల పక్కన కూర్చుంటే నేర్చుకుంటారన్న వాదనలో నిజముంది, ఒప్పుకోవాలి. కానీ కాంట్రాక్టు ఇంజినీరు ఒప్పంద పత్రంలో పాఠం చెప్పడమన్న పనే ఉండదు, దానికి గంట లెక్కన పైసా రాదు. ఇక్కడే అసలు బండారం బయటపడుతుంది. పీఎఫ్, సెలవు, బీమా అడిగితే అతను ‘స్వతంత్ర కన్సల్టెంటు’. ఎన్నింటికి రావాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నప్పుడు మాత్రం మన కుటుంబ సభ్యుడు. ఎవరు పనివాడు, ఎవరు స్వతంత్ర కాంట్రాక్టరు అని తేల్చాల్సి వచ్చి సుప్రీంకోర్టు 1957లోనే ధ్రాంగధ్ర కెమికల్ వర్క్స్ కేసులో ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ల గురించి చెప్పింది: పని ఎలా చేయాలో అదుపు చేసే హక్కు యజమానికి ఉందా అన్నది ప్రధానమైన గీటురాయి. అతను తనను పంపిన వెండర్ మనిషి, మా మనిషి కాదని పని చేయించుకునే క్లయింటు అనొచ్చు. కానీ హాజరు పట్టిక వెండర్ దగ్గర లేదు, క్లయింటు దగ్గరే ఉంది. వేళ, చోటు, కుర్చీ అన్నీ తానే నిర్ణయించి అతను మావాడు కాదనడానికి చాలా ధైర్యం కావాలి. 2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ పడ్డప్పుడు వేలమంది ఉద్యోగులను వీపీఎన్ ఎక్కించింది ఈ నెట్‌వర్క్ వాళ్లే. అప్పుడు ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.

పోనీ, రౌటర్ నుంచే ఓ నియమం అరువు తెచ్చుకుందాం. ‘ఆఫీసుకు రండి’ అనే ప్రతి మెయిల్‌నూ కమిట్ కన్ఫర్మ్‌డ్ పద్ధతిలోనే పంపాలి. పంపిన వైస్ ప్రెసిడెంటు పది నిమిషాల్లోగా తన ఆఫీసు సీట్లోంచి, తన బ్యాడ్జి గీకి ధ్రువీకరించాలి. లేదంటే పాత కాన్ఫిగరేషన్ దానంతటదే తిరిగొస్తుంది.