ఉగ్గుగిన్నె ఆత్మకథ

నేను ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడిపోవు వెండి ఒడలును, పసిబిడ్డ పెదవుల నడుమ పాలను బొట్టుబొట్టుగా జార్చుటకు తగిన సన్నని ముక్కును నాకు గలవు. తెనాలిలో ఒక కంసాలి నన్ను మలచి మెఱుగు పెట్టినాడు. బారసాలనాడు మేనమామ తెచ్చిన లాంఛనములతో కూడి నేనొక ఇంటికి చేరితిని. ఆ ఇంటి ఆడుబిడ్డ మొదట ఉగ్గును, పిదప పాలను, ఆ పిమ్మట పలుచని పెసరకట్టును నాతోడనే త్రాగి పెరిగినది. ఆమె చదివి, పెండ్లియాడి, భర్త ఉద్యోగమునకై సముద్రము దాటి మస్కట్టు నగరమున అల్ ఖువైర్ పేటలో కాపురము పెట్టినపుడు, తల్లి నన్ను చీరమడతలలో చుట్టి ఆమె పెట్టెలో పెట్టెను. ఆమెకు పుట్టిన కూతురునకును నేనే ఉగ్గు పోసితిని. ఆ పిల్ల కంచములో అన్నము కలుపుకొని తిన నేర్చిన తరువాత నాకిక పని లేదని అందఱును తలంచిరి, నేనును తలంచితిని. కాని నలుబది రెండేండ్ల వయసున ఆ ఇల్లాలే మరల నా ముక్కునకు పెదవి యానింపవలసి వచ్చెను. నేను చెప్పబూనినది ఆ కాలపు వృత్తాంతము.

మా ఇల్లు ఒక మేడలో నాలుగవ అంతస్తున ఉన్నది. వంటగది కిటికీనుండి చూచినచో ఒకవైపున తుర్కీ రీతిని కట్టిన సయీద్ బిన్ తైమూర్ మసీదు గుమ్మటములును మీనారులును, మఱొకవైపున ఇటీవల నిలిపిన 126 మీటర్ల ధ్వజస్తంభమును, అన్నిటికిని ఆవల చెట్టుచేమ లేని హజర్ కొండలును కానవచ్చును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో ఈ పేటలో నడచువారు కానరారు. ఇంటినుండి కారునకు, కారునుండి చల్లని గదికి, గదినుండి మరల కారునకు సాగు ఆ జీవితములో, సాయంకాలము కారు దిగకయే తెప్పించుకొను చిక్కని కరక్ చాయయు, పని ముగించుకొని భర్త వచ్చుసరికి పది దాటిపోగా అప్పుడు కలసి చేయు భోజనమును, శుక్రవారమునాడు స్నేహితులకు వడ్డించు విందును, ఏండ్ల తరబడి ఆమె దేహముపై తమ గుఱుతులు వదలినవి. ఆమె తిండిపోతు గాదు. అందఱికిని కడుపునిండ పెట్టి, మిగిలినది పాఱవేయుటకు మనసొప్పక, గిన్నె అడుగున ఉన్నది తాను తిను ఇల్లాండ్రలో ఆమె యొకతె. అట్టివారు మన ఇండ్లలో ఎందఱో గలరు.

బరువు 112 కిలోలకు ఎక్కెను. మధుమేహము వచ్చెను, రక్తపోటు వచ్చెను, మోకాళ్ళు నొచ్చుచుండెను. రాత్రివేళ గుఱక పెట్టుచు పెట్టుచు ఒక్కసారిగా ఊపిరి ఆగిపోయి, మరల ఉలికిపడి ఆమె గాలి పీల్చుకొనెడి చప్పుడు వంటగదిలోని నాకును వినవచ్చెడిది. ఏదైన పేరంటమునకు పోయి వచ్చిన నాడు ఆమె మొగము చూచుటకు నాకు మనసొప్పెడిది కాదు. “నోరు కట్టుకుంటే సరిపోయేదానికి ఇన్ని మందులెందుకమ్మా!” అని ఎవరో అన్న మాట ఆమె వెంట ఇంటికి వచ్చెడిది. నోరు కట్టుకొనుమనుట సులభము. ఆమె ఎన్నిమారులు కట్టుకొన్నదో నాకెఱుక. అన్నము మాని, జొన్నరొట్టె తిని, రాత్రులు పస్తుండి బరువు తగ్గించుకొనెను. తగ్గినదంతయు మరుసటి యేడు మరల వచ్చి చేరెను. దేహము తాను కూడబెట్టుకొన్న కొవ్వును అంత సులభముగా వదలదు. బరువు తగ్గిన కొలదిని ఆకలిని ప్రేరేపించు గ్రెలిన్ అను ద్రవము రక్తములో హెచ్చును. తక్కువ శక్తితోడనే దినము గడపుటకు శరీరము అలవాటు పడును. ఆమె పోరాడినది తన జిహ్వతో గాదు, తన రక్తములోని ఆ ప్రకృతిశాసనముతో.

బరువు తగ్గించు శస్త్రచికిత్స మాట మొదట ఆమెయే యెత్తెను. భోజనపు బల్లపై కాగితములు పఱచి ఆలుమగలు రాత్రులు చదివెడివారు. వారు పైకి చదువుటచేత నాకును ఆ శాస్త్రము కొంత తెలిసినది. అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు 1966లో జీర్ణాశయమును చిన్నది చేసి ప్రేగునకు దగ్గఱి దారి కల్పించెనట. ఆ నాటి పెద్ద కోత పోయి, 1990ల నాటికి సన్నని గొట్టములును చిన్న కెమెరాయును వచ్చెను. 1991లో అమెరికా నిపుణులు ఈ చికిత్సకు శరీరభార సూచిక 40 ఉండవలెననియు, తోడుగా వ్యాధులున్నచో 35 చాలుననియు నిర్ణయించిరి. మనవంటి ఆసియావారికి అంతకన్న తక్కువ బరువునందే మధుమేహము పట్టుకొనునని గ్రహించి, 2022లో వైద్యసంఘములు మనవారి విషయమున 27.5 నుండియే ఆలోచింపవచ్చుననిరి. ఈమె సూచిక 45. భర్త తటపటాయించెను. హైదరాబాదునకు పోయినచో ఖర్చు కలిసివచ్చునని మొదట తలంచిరి. ఏలయన, వారి బీమా ఈ వ్యయమును భరింపదు. కాని ఆపరేషను ఒకనాటి పని యనియు, ఆ పిమ్మట నెలనెలా, ఏటేటా చూపించుకొనవలసినది ఆపరేషను చేసిన వైద్యునికే యనియు ఆమె వాదించి, మస్కట్టులోనే చేయించుకొనుటకు నిశ్చయించెను. ఆమె వివేకమునకు నేనెన్నటికిని జోహారు చేయుదును.

కూతురికి తోడుగా తల్లి తెనాలినుండి విజిట్ వీసాపై వచ్చెను. ఆమె పెట్టెలో ఆవకాయ, అరిసెలు, నేతి సీసాలు! కూతురు వానిని చూచి నవ్వనులేదు, విసుగుకొననులేదు. తల్లి చేతులు పట్టుకొని, “అమ్మా, రెండు వారాలు నేను అన్నం ముట్టకూడదు, తీపి అసలే కూడదు,” అని మెల్లగా చెప్పెను. కాలేయము జీర్ణాశయమునకు పైకప్పుగా పరుండియుండుననియు, పిండిపదార్థములు తగ్గించినచో అది కొంత కుంచించుకొని శస్త్రవైద్యుని పరికరములకు దారి యిచ్చుననియు అల్లుడు విడమరచి చెప్పినపుడు, ఆ వృద్ధురాలు చాలసేపు ఆలోచించి, అరిసెల డబ్బాను ప్రక్కింటివారికి ఇచ్చివేసెను. రక్తపరీక్షలు, గుండెపరీక్ష, గొంతుదారిన గొట్టము వేసి కడుపులోని పుండ్లకై చేసిన పరీక్ష, నిద్రలో ఊపిరి కొలుచు పరీక్ష, మానసిక వైద్యునితో సంభాషణము, ఇట్లు ఆ దినములు గడచెను. ఊపిరితిత్తుల బలమునకై ఇచ్చిన మూడు బంతుల యంత్రములో గాలి పీల్చి బంతులను పైకి లేపుట పండ్రెండేండ్ల కూతురికి ఆటయై, తల్లికూతుండ్రు పంతములు వేసికొనెడివారు.

ఆపరేషను స్లీవ్ అనునది. కడుపునకు అయిదు చిన్నగాట్లు పెట్టి, జీర్ణాశయములో వెలుపలి వంపునున్న సుమారు 80 శాతము కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె లోహపు కుట్లతో బిగింతురు. ఆకలిద్రవము ఎక్కువగా ఊరునది ఆ తీసివేసిన పైభాగముననే గనుక ఆకలియు కొంతకాలము అణగును. ఆపరేషను జరిగిన సాయంకాలమే ఆమెను లేపి వరండాలో నడిపించిరట. కాళ్ళలో రక్తము గడ్డకట్టకుండ ఉండుటకు నడకయే మొదటి మందు. నొప్పి కడుపుకన్న భుజమున హెచ్చుగా నున్నదని ఆమె చెప్పెను. కడుపు ఉబ్బించుటకు నింపిన బొగ్గుపులుసు గాలి ఉదరవితానమును రాచినపుడు ఆ బాధ భుజమున తోచునట. నడచిన కొలదిని తగ్గెను.

ఇంటికి వచ్చిన నాటి ఉదయము నేను మఱువజాలను. ఆసుపత్రివారు ఇచ్చిన కాగితములో పదునైదు నిమిషములకు 30 మిల్లీలీటర్లు, అంతకు మించరాదు అని యుండెను. ఇంట ఉన్న గ్లాసులన్నియు పెద్దవి. స్టీలు గరిటెలకు కొలత తెలియదు. తల్లి అటునిటు చూచి, అలమరలో పైయరను చేయి పెట్టి నన్ను తీసెను. మందుసీసా మూతతో కొలిచి నాలో నీరు పోసి చూచిరి. నా కంఠమువఱకు వచ్చినది సరిగా 30 మిల్లీలీటర్లు. ఆ తల్లి నన్ను విబూదితో తోమి, కడిగి, తేట చారు పోసి, కూతురి పెదవులకు ఆనించినది. ఆ పెదవులను నేను గుర్తుపట్టితిని.

లోహములన్నింటను వెండి వేడిని శీఘ్రముగా గ్రహించును. లోని చారు వేడిగా ఉన్నచో నా అంచు ముందుగానే చుఱుక్కుమనును; అందుచేత ఆమె ఎన్నడును వేడిది మ్రింగి కొత్త కుట్లను నొప్పించుకొనలేదు. ఇది నా ఉపకారమని చెప్పుకొనుటకు నేను సంకోచింపను. పసిపిల్ల త్రాగునట్లే కొంచెము చప్పరించి, ఆగి, లోనికి దిగువఱకు వేచి, మరల చప్పరించెడిది. “ఏమండీ, పావుగంటయిందా?” అని ఆమె అడుగును, ఆయన ఫోనులో మ్రోగు గంట చూచి, “అయింది, తాగు,” అనును. ఉదయమునుండి రాత్రివఱకు నేను నిండుటయు తఱుగుటయు, తేట చారు, కొబ్బరినీరు, పలుచని లబన్ మజ్జిగ, పెసరకట్టు తేట. ఇట్టి చికిత్స జరిగినవారు మరల ఆసుపత్రి పాలగుటకు తఱచు కారణము నీరు చాలకపోవుటయేనని కాగితము హెచ్చరించెను. ఆ ఇంట ఆ హెచ్చరికను వేదవాక్యముగా పాటించిరి. జ్వరము, గుండెదడ, కడుపునొప్పి హెచ్చుట ఈ మూటిలో ఏది కనబడినను క్షణము ఆలస్యము చేయరాదని భర్త గోడమీద వ్రాసిపెట్టెను.

తల్లికి మాత్రము మనసు నిలిచెడిది కాదు. “రెండు గుటకలేగా తాగావు తల్లీ, ఒళ్ళు కోలుకోవద్దుటే?” అని అడుగుచుండెను. ద్రవములు తప్ప మఱేమియు ఇవ్వరాదన్న దినములలోనే ఒకనాటి రాత్రి, అల్లుడు నిద్రించిన పిదప, నాలుగు మెతుకులను మెత్తగా పిసికి నేయి కలిపి, “నా మాట విను,” అని కూతురి నోట పెట్టెను. కూతురు కాదనలేక మ్రింగెను. ఘడియ గడువకముందే ఎదలో పట్టినట్లయి, కండ్లలో నీరు తిరిగి, డోకు వచ్చి ఆమె నేలపై కూలబడెను. ప్రమాదమేమియు లేదని వైద్యుడు ఫోనులో చెప్పువఱకు ఎవరికిని కంటిమీద కునుకు లేదు. తల్లి గోడకానుకొని కూర్చుండి, “ఆకలిగా ఉన్న బిడ్డకి ఇంత పెట్టలేని బతుకెందుకు,” అని కన్నీరు మున్నీరుగా ఏడ్చెను. కూతురు ఆమె ఒడిలో తల పెట్టి, “ఆకలిగా లేదమ్మా, నిజంగా లేదు. నువ్వు పక్కన కూర్చో, అది చాలు,” అనెను.

ఆ తల్లిపై నేను దోషము మోపను. కొసరి కొసరి వడ్డించుటయే ప్రేమగా నాలుగు తరములనుండి నేర్చుకొన్న చేతులవి. ఆపరేషను కూతురి కడుపును తగ్గించెను. ఇంటివారి చేతి కొలతను తగ్గించుట ఏ శస్త్రమునకును సాధ్యము గాదు, అది ఇల్లే నేర్వవలెను. మఱునాటినుండి ఆమె నేర్చెను. కాగితములోని సంగతులను మనుమరాలిచేత చదివించుకొని, ముద్దగా నూరిన ఆహారము ఎప్పుడో, మెత్తనిది ఎప్పుడో, తిన్న పిదప అరగంటవఱకు నీరేల త్రాగరాదో కంఠస్థము చేసెను. దినమునకు 60 గ్రాముల మాంసకృత్తులు చేరవలెనన్న లెక్కకై మత్రా చేపల అంగడినుండి అల్లుడు తెచ్చిన వంజరమును ఆవిరిపై ఉడికించి ముల్లు తీసి వేళ్ళతో నలిపెడిది. కోడిగ్రుడ్డును మెత్తగా ఉడికించి నాలో పెట్టినప్పుడెల్ల అందలి గంధకముచేత నా లోపలి వెండి నల్లబాఱెడిది. ఆమె చింతపండుతో తోమెడిది, మఱునాడు మరల నల్లబాఱెడిది. ఆ నలుపు నాకు ఏ మెఱుగుకన్నను ప్రియమైనది.

మధుమేహపు మాత్రలు తగ్గెను, తరువాత వైద్యుడు వానిని ఆపించెను. గుఱక పోయెను. చలికాలపు సాయంకాలములలో కూతురితో కూడి ఆమె ధ్వజస్తంభమువఱకు నడచి వచ్చుచుండెను. నాలుగవ మాసమున జుట్టు దువ్వెనకు కుచ్చులుకుచ్చులుగా రాలి ఆమెను బెదరించెను. ఇది ఇట్టి చికిత్స పిదప సహజమనియు, పోషణ చాలినచో మరల మొలచుననియు వైద్యులు చెప్పి ధైర్యమిచ్చిరి. కొన్ని వారములు బరువు కదలనేలేదు. అన్నిటికన్న కష్టమైనది కడుపు నిండినను మనసు నిండని సాయంకాలము. దిగులు కలిగినపుడు తినుట అలవాటైనవారికి తినుటకు చోటు లేనినాడు ఆ దిగులును ఏమి చేయవలెనో తెలియదు. ఆమె దానిని గుఱించి మానసిక వైద్యునితో సిగ్గుపడక మాటలాడెను. ఒకనాడు కూతురు, “నేనూ లావవుతానా అమ్మా?” అని అడుగగా, “నీ ఒంటి గురించి ఈ ఇంట్లో ఎవరూ వెక్కిరింతగా మాట్లాడరు, నువ్వూ మాట్లాడకు,” అని చెప్పి, పిల్లను దగ్గఱకు తీసికొనెను. కష్టపడక కత్తితో బరువు దించుకొన్నదని ఆమెను గుఱించి ఇప్పటికిని కొందఱందురని వింటిని. ఆ మాట అనువారు పదునైదు నిమిషములకొకమారు నన్నెత్తి త్రాగిన ఆ దినములలో ఒక్కటి ఆ ఇంట గడపియుండిన బాగుండెడిది.

ఈలోగా వీసా గడువు తీరి తల్లి తెనాలికి వెడలిపోయెను. ఇల్లాలు ఇప్పుడు చిన్న పళ్ళెములో, నమిలి నమిలి, ఇంటివారితో కూర్చుండి తినుచున్నది. నాకు మఱొక పని కల్పించిరి. జీర్ణాశయము తఱిగినవారికి బి12 తనంతట చాలినంత ఒంటబట్టదు. ఇనుము, సున్నము, డి విటమినులును జీవితాంతము వేసికొనవలెను. ఉదయపు మాత్రలు నాలో ఉండును; ఇనుపమాత్రకును సున్నపుమాత్రకును రెండు గంటల ఎడముండవలెను గనుక రెండవది మధ్యాహ్నము నాలో చేరును. తెనాలినుండి రోజును ఫోను వచ్చును. “అన్నం తిన్నావా?” అని మొదలుపెట్టుట ఆ తల్లి మానినది. “మాత్రలు వేసుకున్నావా? నీళ్ళు తాగావా? నడిచావా?” అని వరుసగా అడుగును, “పొద్దుటివి వేసుకున్నానమ్మా, మధ్యాహ్నానివి ఇంకా గిన్నెలోనే ఉన్నాయి,” అని కూతురు చెప్పును.