1791ల హెల్మెట్ ఉండెనా?

రేపు సాగర్ రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు బండి ఆపి హెల్మెట్ ఏదంటే నా జవాబు సిద్ధం. "అన్నా, 1791ల హెల్మెట్ ఉండెనా? అప్పుడు లేని రూలు ఇప్పుడెట్ల పెడ్తరు?"

నవ్వకండి. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియా అప్పీలు కోర్టులో 13 మంది జడ్జీలు కట్టిన లెక్క ఇదే. పెన్సిల్వేనియా పెద్దమనిషి ఒకాయన ఆదాయం తక్కువ చూపించి 2,458 డాలర్ల ఫుడ్ స్టాంపులు తీసుకున్నానని 1995లో నేరం ఒప్పుకున్నాడు. మన భాషలో దొంగ తెల్లకార్డు. అలా శిక్షపడినవాడు తుపాకీ పట్టొద్దన్న చట్టం ఆయన విషయంలో చెల్లదట. రాజ్యాంగంలో తుపాకీ హక్కు రాసుకున్న 1791 నాటి సంప్రదాయంలో అలాంటి నిషేధం సర్కారు చూపలేకపోయిందట. ఆయన మీద నాకేం కోపం లేదు. తెల్లకార్డు పెట్టుకుని కార్లలో తిరిగేవాళ్లు మా దగ్గరా ఉన్నారు.

ఆ లెక్క మా ఇబ్రహీంపట్నానికీ వస్తే ఎంత హాయి! 1791 అంటే నిజాం అలీఖాన్ జమానా. సబ్ రిజిస్ట్రార్ లేడు, స్టాంప్ డ్యూటీ రద్దు. లేఅవుట్ పర్మిషన్ లేదు, వెంచర్‌కు అడ్డు లేదు. ధరణి లేదు, 2024లో అసెంబ్లీ పాస్ చేసిన భూభారతీ లేదు. మా ప్లాట్ల సేట్లు స్వీట్లు పంచుతారు. కానీ పెద్దచెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఉంది. అంటే చెరువు శిఖంలో పాతిన హద్దురాళ్లన్నీ పీకాలి. ఆ పేజీ రాగానే పుస్తకం మూసేసి, "నువ్వు ఫిట్టింగ్ పెడ్తున్నవ్‌రా" అంటారు.

తుపాకీ మాత్రం 1791దే వాడాలని ఏ జడ్జీ అనడు. అప్పుడైతే మందు పోసి, గుండు దింపి, గజంతో కూరి పేల్చాలి. ఒకటి పేలాక మళ్లీ మొదటికి. అంతలో మనిషి పారిపోవచ్చు.

2022 మార్చి 1న మా కర్ణంగూడ దగ్గర భూమి తగాదాలో ఇద్దరు రియల్టర్లను కాల్చేశారు. వాళ్లకు పారిపోయే సందు దొరకలేదు. 2024 నవంబర్ చివర్లో షికాగో గ్యాస్ స్టేషన్‌లో కాల్పులకు బలైన మన ఖమ్మం పిల్లగాడికీ దొరకలేదు. అప్పు చేసి పంపిన కొడుకులు పెట్టెల్లో శంషాబాద్‌లో దిగుతుంటే, జడ్జీగార్లూ, మీరు అద్దాలు పెట్టుకుని రెండు వందల ముప్పై ఏళ్ల కిందటి కాగితాలు తిరగేస్తున్నారా? 1791లో ఆ గ్యాస్ స్టేషన్ లేదు. ఎయిర్‌పోర్టు కార్గో గేటు దగ్గర సంతకం పెట్టి కొడుకును తీసుకుపోయే తండ్రీ లేడు. వెతకండి, దొరకడు.