సైకిలయ్య పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఇన్నూరు కిలోమీటర్లు సైకిలు తొక్కి 13 గంటల 30 నిమిషాల లోపల గమ్యం చేరడాన్ని ఇన్నూరు బ్రెవే అంటారు. దీని నియమాలు 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియాన్ అనే ఫ్రెంచి సంఘానివి. మన దేశంలో ఆ వ్యవహారం చూసేది ఆడాక్స్ ఇండియా. నియమం పారిస్‌ది, ఎండ రాయలసీమది. రెండింటికీ సమన్వయం కుదర్చడానికి ఒక వ్యాఖ్య కావలసి వచ్చింది. వ్యాఖ్యకు మూలం ఉండాలి గనుక, దాని కోసమే కట్టిన ఆటవెలది ఇది.

మూలం:

తెల్లవారకుండ తిరుపతి విడనాడి
ముద్రకొక్క యూరు ముట్టి తిరిగి
రెండు నూర్ల మేర రెక్కల కష్టాన
సాగువాడె సుమ్ము సైకిలయ్య

టీక: తెల్లవారకుండ = పొద్దు పొడవక ముందే. ఇది భక్తి చేత కాదు, భయం చేత. ఈ సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది; పదింటికి తారు రోడ్డు మీద పడ్డవాడికి వేగం గురించి వేరే చెప్పనక్కర్లేదు. చీకటిలో బయలుదేరాలి కాబట్టి ముందు దీపం, వెనక ఎర్ర దీపం, మెరిసే చొక్కా, హెల్మెట్ తప్పనిసరి. ఏ మాసంలో అన్నది కవి చెప్పలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పారిన నీళ్ళు చూసినవాళ్ళు ఆ నెలల్ని సూచించరు. జూన్, జూలైలలో చిత్తూరు, బంగారుపాళ్యం దారి పొడవునా తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. కనుక జనవరి, ఫిబ్రవరి అని అర్థం చేసుకోవాలి.

తిరుపతి విడనాడి = తిరుపతిని వదిలి. ‘తిరుపతి వెలువడి’ అని పాఠాంతరం. గణాలకు అదీ సరిపోతుంది గానీ, కొండ ఎక్కకుండానే ఊరు వదిలిపోయేవాడి మనసులోని కలుక్కు అందులో లేదు. దారి చంద్రగిరి మీదుగా, గాదంకి, పూతలపట్టు దాటి చిత్తూరుకు, సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి నుంచి పలమనేరు రోడ్డులో మరో 30 పోయి వెనక్కి మళ్ళితే ఇన్నూరు నిండుతుంది. తిరుపతి సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున, చిత్తూరు 330 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అంటే బలమున్నప్పుడు ఎక్కుడు, బలం తగ్గాక దిగుడు. ఇంకో అనుకూలం: చిత్తూరు తిరుపతికి నైరుతి దిక్కున ఉంది. పొద్దున పోయేటప్పుడూ సూర్యుడు వీపునే ఉంటాడు, సాయంత్రం వచ్చేటప్పుడూ వీపునే ఉంటాడు. వెనక వచ్చే లారీవాడి కళ్ళలో ఎండ పడదు. ఈ సుగుణం చెన్నై వైపు పొద్దున బయలుదేరేవాడికి లేదు.

గాదంకి దగ్గర ఒక శంక. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో గాలిని కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉంది కదా, ఎదురుగాలి సంగతి ముందే తెలుసుకోవచ్చు కదా అని. సమాధానం: ఆ రాడార్ కిలోమీటర్ల ఎత్తున వీచే గాలుల్ని చూస్తుంది. సైకిలయ్యను ఏడిపించే గాలి ఛాతీ ఎత్తులో వీస్తుంది. దాన్ని ఛాతీతోనే కొలుచుకోవాలి.

ముద్రకొక్క యూరు ముట్టి = నిర్ణయించిన చోట్ల కార్డు మీద ముద్ర, వేళ వేయించుకొని. ముద్ర వేసేవాడు లేనిచోట ఏటీఎం చీటీ, కొట్టువాడి బిల్లు ప్రమాణంగా చెల్లుతాయి. ఒక్కో చోటికి తెరిచే వేళ, మూసే వేళ ఉన్నాయి. ఇన్నూరులో గంటకు 34 కిలోమీటర్ల లెక్కన తెరుస్తారు, 15 లెక్కన మూస్తారు. కాబట్టి నూరో కిలోమీటరు దగ్గర 2 గంటల 56 నిమిషాలకు ముందే చేరిన వీరుడు తలుపు తెరిచేదాకా కాచుకోవాలి. 6 గంటల 40 నిమిషాలు దాటాక చేరినవాడు గడువు తప్పినట్టు. మొదటి ఇబ్బంది ఈ సీమలో అరుదు.

రెండు నూర్ల మేర = ఇన్నూరు కిలోమీటర్ల దూరం. కవి ప్రమాణం చెప్పలేదు. మైళ్ళని అపార్థం చేసుకుంటే 320 కిలోమీటర్లవుతుంది, కవి మీద కేసవుతుంది. బ్రెవేల్లో ఇది అన్నిటికన్నా చిన్న మెట్టు. మున్నూరుకు 20 గంటలు, నన్నూరుకు 27, ఆరునూర్లకు 40. నాలుగూ ఒకే ఏడాది పూర్తిచేస్తే సూపర్ రాండొన్యూర్ బిరుదు. ఆ పైన 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్, 1200 కిలోమీటర్లు, 90 గంటలు, నాలుగేళ్ళకోసారి. ప్రస్తుత పద్యానికి అంత విస్తారం అక్కరలేదు.

రెక్కల కష్టాన = స్వశక్తితో. ఇక్కడ రెక్కలంటే కాళ్ళు. వెనక కారు నడిపించి నీళ్ళు అందించుకోవడం నిషిద్ధం. పంచరు తానే వేసుకోవాలి. దారిలో కొట్టులో కొనుక్కోవడం మాత్రం అందరికీ సమానమే కాబట్టి దోషం లేదు. ఆహారంలో మతభేదం ఉంది. రాగి సంగటి తిన్నవాడికి ఆకలే ఉండదని పూర్వపక్షం. నిజమే, మధ్యాహ్నం ముద్ద సంగటి తిన్నాక చింతచెట్టు నీడ కనిపిస్తే బ్రెవేకు మంగళం పాడినట్టే. కాబట్టి పొద్దున అంబలి, దారిలో అరటిపండు, చెనిక్కాయల ఉండ, చిత్తూరు బెల్లం కొంచెం కొంచెంగా, ఆకలి కాకముందే తినాలి. ఉప్పేసిన మజ్జిగకు ఏ శాఖలోనూ ఆక్షేపణ లేదు.

సైకిలయ్య = సైకిలు తొక్కేవాడు. ఇది ఉపలక్షణం; సైకిలమ్మలకూ అదే దూరం, అదే గడువు.

విశేషాంశం: పద్యంలో కాలనియమం లేదని విమర్శకులు తప్పు పట్టవచ్చు. అసలు కథంతా అందులోనే ఉంది. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కితే చక్రం తిరిగేది 10 గంటలు, మిగిలేది మూడున్నర. టిఫినుకు 40 నిమిషాలు, రెండు టీలకు 40, భోజనానికి గంట, పంచరుకు అరగంట తీస్తే చేతిలో 40 నిమిషాలుంటాయి. అందులోనే ముద్రలూ, నీళ్ళూ, ఫొటోలూ, “ఏమి నైనా, బస్సు దొరకలేదా?” అని అడిగే పెద్దాయనకు జవాబూ. వేగాన్ని 20 నుంచి 22కు పెంచితే 55 నిమిషాలు కలిసొస్తాయి. అందుకు నెలల సాధన కావాలి. అంతే కాలాన్ని టీ కొట్టు బెంచీ మీది నుంచి లేచి సంపాదించవచ్చు. బ్రెవేలో ఓడినవాళ్ళలో ఎక్కువమంది సైకిలు మీద కాక దిగినచోటే ఓడారని ఈ టీకాకారుడి పక్షం. అన్నట్టు, గంటకు 15 లెక్కన ఇన్నూరుకు 13 గంటల 20 నిమిషాలే రావాలి; ఫ్రెంచివాళ్ళు 10 నిమిషాలు కొసరు వేశారు.

అలంకారం: స్వభావోక్తి. మొదటిసారి చేసేవాడికి 170వ కిలోమీటరు దగ్గర అతిశయోక్తిగా తోస్తుంది.

తాత్పర్యం: చీకటితో తిరుపతి వదిలి, చెప్పిన ఊళ్ళలో ముద్రలు వేయించుకొని, ఎవరి సాయమూ లేక ఇన్నూరు కిలోమీటర్లు తొక్కి గడువులో వచ్చినవాడే సైకిలయ్య.

ఫలశ్రుతి: ఇది పందెం కాదు, మొదటివాడూ కడపటివాడూ అని ఉండరు. గడువులో వచ్చినవారి వివరాలు పారిస్‌కు పోయి, ఒక్కొక్కరికి ఒక నమోదు సంఖ్య వస్తుంది. పతకం కావలసినవాళ్ళు డబ్బు కట్టి కొనుక్కోవాలి.