నేనొక టేబుల్ క్లాత్‌ని

నేను పుట్టింది సూరత్‌లో, లింబాయత్ దగ్గర ఒక మరమగ్గాల షెడ్డులో. పడుగూ పాలిస్టరే, పేకా పాలిస్టరే. ఒళ్లంతా మీగడ రంగు, అక్కడక్కడా జరీ పువ్వు. పట్టుదారానికి వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత పూసే అసలైన జరీకి ఈ ఊరు తరతరాలుగా పేరుమోసింది. నాకంత యోగం లేదు. నాలో మెరిసేది ప్లాస్టిక్ దారమే.

నన్ను నేసినాయన పద్మశాలి. వాళ్ల నాయన సిరిసిల్ల వదిలి ఇక్కడికొచ్చాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి అలా మగ్గాన్ని నమ్ముకుని షోలాపూర్, భివండీ, సూరత్ చేరిన ఇళ్లకు లెక్కలేదు. ఇక్కడి మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుందంటే మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోండి. షెడ్డులో మగ్గాల మోతకు మాట వినపడదు. పన్నెండు గంటల షిఫ్టులో సగం సంగతులు చేతి సైగలతోనే నడుస్తాయి. నన్ను నేసేటప్పుడు ఒక పడుగు పోగు తెగింది. ఆయన చూసి మగ్గం ఆపేలోపే నా అంచు దగ్గర జానెడు గీత పడింది. దాంతో నేను డ్యామేజీ మాలునయ్యాను. కూలీలో కొంత కోసుకుని ముక్కను ఆయనకే ఇచ్చేశారు.

ఆ ఇంట్లో అప్పటికి డైనింగ్ టేబులే లేదు. అందరూ చాప పరుచుకుని కింద కూర్చుని తినేవాళ్లు. నన్ను కొన్నాళ్లు టీవీ మీద కప్పారు, కొన్నాళ్లు కుట్టుమిషన్ మీద. కొడుకు ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టి నిలదొక్కుకున్నాక ఆరు కుర్చీల బల్ల కొన్నాడు. అప్పుడు నాకు అసలు ఉద్యోగం దొరికింది.

జనవరిలో ఉత్తరాయణ్ రోజు మనవరాలు తన కాలేజీ లెక్చరర్ దంపతులను భోజనానికి పిలిచింది. గుజరాతీలు, జైనులు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ముట్టరు. నానమ్మ ముందుగా అడిగింది ఆ సంగతే. ఉల్లి లేకుండా పచ్చిపులుసు, వెల్లుల్లి వేయని తోటకూర పప్పు, బీరకాయ కూర, సకినాలు. సూరత్ తరఫున చలికాలపు పొంక్, అంటే కాల్చి రాల్చిన లేత జొన్న గింజలు, పక్కన నిమ్మకాయ, మిరియాల సేవ్. పండగ కాబట్టి జిలేబీ సరేసరి. తిండికి సూరత్, చావుకు కాశీ అని సామెత చెప్పుకునే ఊళ్లో వంట విషయంలో నవ్వులపాలు కాకూడదు కదా!

ఇక నా వంతు. మనవరాలు ఇస్త్రీ పెట్టె వేడి పెంచబోతే నానమ్మ చెయ్యి పట్టుకుంది. పాలిస్టర్‌కు ఎక్కువ వేడి తగిలితే ముడుచుకుపోతుందని ఆమెకు తెలుసు. ముందు బల్ల మీద పాత నూలు దుప్పటి మడిచి పరిచి, దాని మీద నన్ను వేశారు. అలా వేస్తే నేను జారను, పళ్లెం పెట్టినా చప్పుడు కాదు. నడిమి మడత గీత బల్లకు సరిగ్గా మధ్యలో రావాలి. చుట్టూ జానెడు వేలాడితే చాలు, అంతకు మించితే మోకాళ్లకు చుట్టుకుంటుంది. నా డ్యామేజీ గీతను నానమ్మ ఇంటివాళ్లు కూర్చునే వైపుకు తిప్పింది. పొడుగాటి పూలకుండీ తీసేసి, వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి బంతిపూలు వేసింది. ఎదుటి మనిషి ముఖం కనపడాలి. మల్లెపూలైతే వాటి వాసన కూరల వాసనకు అడ్డం వస్తుంది.

మనవరాలు వీడియో చూసి నేర్చుకుంది: ఫోర్కు ఎడమన, కత్తి కుడిన, దాని పదును పళ్లెం వైపు, గ్లాసు కత్తికి ఎగువన. ఆ లెక్కనే గ్లాసులన్నీ కుడివైపు పెట్టింది.

“గ్లాసు ఎడమ దిక్కు పెట్టు బిడ్డా. కుడిచెయ్యి ఎంగిలైతది గద, నీళ్లు ఏ చేత్తోటి తాగుతరు?”

చెంచాతో తినేవాళ్లకు కుడి, చేత్తో తినేవాళ్లకు ఎడమ. అతిథి చెయ్యి ఎటు పోతుందో చూసి సర్దడమే బల్ల సర్దే విద్య. మిగతాదంతా అలంకారం.

భోజనానికి ముందు నానమ్మ చెంబుతో చేతుల మీద నీళ్లు పోస్తుంటే లెక్చరర్ గారు నవ్వి పాత కథ ఎత్తారు. 1613లో సూరత్‌లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది. 1689లో ఇక్కడికొచ్చిన ఓవింగ్టన్ అనే పాదిరీ ఆ కోఠీ భోజనాల గురించి తన పుస్తకంలో రాశాడు. పళ్లేలు, కప్పులు అన్నీ వెండివి. వంటకు ఇంగ్లీషువాడు, పోర్చుగీసువాడు, ఇండియావాడు, ముగ్గురు. తినేముందూ తిన్నాకా చేతులు కడిగించడానికి వెండి కూజా, పళ్లెం పట్టుకుని ఒక బంట్రోతు. ప్రెసిడెంటు మొదలు కింది ఉద్యోగి దాకా కంపెనీలో హోదా ప్రకారమే కూర్చునే వరస.

కోఠీ వ్యాపారం చాలావరకు గుడ్డ మీద నడిచింది. ఆ గుడ్డ నేసినవాడికి ఆ వరసలో చోటు లేదు. పాలిస్టర్‌దాన్నే అయినా నేనూ గుడ్డనే, అందుకే ఈ మాట నాకు తగిలింది.

కథ విన్నాక కూడా కోడలు గరిటె పట్టుకుని నిలబడే ఉంది, నానమ్మ వంటింటి గుమ్మంలో ఉంది. ఈ ఇంట్లో ఆడవాళ్లు తినేది అందరూ లేచాకే. లెక్చరర్ గారి భార్య పళ్లెం ముందు నుంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. “మీరిద్దరూ కూర్చోకపోతే నేను ముట్టను” అని హిందీలో గట్టిగానే చెప్పింది. కొడుకు లేచి గిన్నెలన్నీ బల్ల మధ్యకు చేర్చాడు, ఎవరికి వాళ్లు వడ్డించుకునేలా. కుర్చీ చాలక మనవరాలు కుట్టుమిషన్ ముందున్న స్టూలు లాక్కుంది. నానమ్మ సరిగ్గా నా గీత ముందు కూర్చుని పప్పులో నెయ్యి వేసుకుంది. ఆ గీత పడిన నాటి కూలీ కోత ఆమెకు గుర్తుందో లేదో గానీ, నన్ను నేసిన ముసలాయన మాత్రం దాన్ని వేలితో ఒకసారి తడిమాడు.

నా మీద ఎన్నో విందులు జరిగాయి. నాకు తెలిసిన మంచి బల్ల అదొక్కటే. మీ ఇంటికి చుట్టాలొస్తున్నారా? గుడ్డ పరచండి, పూలు పెట్టండి, గ్లాసు అతిథి చేతికందేచోట ఉంచండి. పళ్లేలు లెక్కపెట్టేటప్పుడు వండినవాళ్లను కూడా లెక్కలో వేసుకోండి. ఆ పళ్లెం లేని బల్ల మీద ఎంత జరీ ఉన్నా దండగే.