స్టాండు మీద సౌండ్ రాదు

మా సైకిలుకు వారంటీ ఉంది. ఈ మాట నేను ఎంత ధీమాగా చెబుతానంటే, విన్నవాళ్ళు సైకిలు కూడా ఉందనుకుంటారు. ఉన్నమాట నిజమే. కాకపోతే మా ఇంట్లో కంటే షాపులో ఎక్కువ ఉంటుంది.

రోడ్ బైక్ అంటే ఎరగనివాళ్ళకు ఒక ముక్క. కిందికి వంగిన హ్యాండిలు, బొటనవేలంత వెడల్పు టైర్లు, ఈకంత బరువు అని అమ్మేవాడు చెప్పే ఫ్రేము. స్టాండు ఉండదు, మడ్‌గార్డు ఉండదు, క్యారియర్ ఉండదు, బెల్లు ఉండదు. ఇన్ని లేనందుకే దానికంత ధర. మా నాన్నగారి అట్లాస్ సైకిలుకు ఇవన్నీ ఉండేవి, వారంటీ ఒక్కటే లేదు. ఆ కంపెనీ ఆఖరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న మూతపడింది. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. మా పేటలో ఎవరైనా ఇలాంటి సీను రాసుకెళ్తే, “మరీ సినిమాటిక్‌గా ఉంది, తీసెయ్” అనేవారు.

మా పేట హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోని ఫిల్మ్‌నగర్. నేను సినిమావాణ్ణి కాను, బ్యాంకువాణ్ణి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెబితే మీరు కూడా నమ్మరు.

జూబ్లీహిల్స్‌లో హిల్స్ అన్నది అలంకారానికి పెట్టిన మాట కాదు. ఇక్కడి గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. దాన్ని ఎక్కడ పగలగొట్టగలిగారో అక్కడ బంగళా కట్టారు, ఎక్కడ పగలగొట్టలేకపోయారో అక్కడ రోడ్డు వేసి వదిలేశారు. చెక్‌పోస్టుకు ఎటునుంచి వచ్చినా ఎత్తే. షేక్‌పేట వైపునుంచి ఫిల్మ్‌నగర్‌కు రావాలంటే నడిచేవాళ్ళు కూడా మధ్యలో ఆగి, ఫోన్ వచ్చినట్టు నటిస్తారు. దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి 2020 సెప్టెంబరులో తెరిచాక, తెల్లారకముందే రోడ్ నంబర్ 45 మీద హెల్మెట్లు, వెనక ఎర్ర లైట్లు బారులు తీరడం మొదలైంది. వాళ్ళను చూసే నేనూ కొన్నాను.

కొన్న కొత్తలో ఆ షేక్‌పేట ఎత్తు మీదే మొదటిసారి విన్నాను. కిర్ర్... టక్. కుడికాలు కిందికి దిగిన ప్రతిసారీ కిర్ర్... టక్. చదునులో రాదు. దిగుడులో రాదు.  పళ్ళు బిగించి, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వస్తుంది. సరిగ్గా పక్కనుంచి కుర్రాళ్ళు దాటిపోయే సమయానికి ఇంకాస్త గట్టిగా వస్తుంది.

“బీబీ అయ్యుంటుంది సార్” అన్నాడు షాపులో కుర్రాడు. బీబీ అంటే బాటమ్ బ్రాకెట్. రెండు పెడళ్ళ మధ్య ఇరుసు తిరిగే బేరింగుల గూడు. పాత సైకిళ్ళలో దాన్ని మరతో బిగించేవారు. వదులైతే పానా పెట్టి ఒక తిప్పు తిప్పితే సరిపోయేది. కొత్త ఫ్రేముల్లో చాలావాటికి మర ఉండదు. బేరింగును అలాగే గుచ్చి నొక్కేస్తారు, దీన్ని ప్రెస్‌ఫిట్ అంటారు. బరువు తగ్గుతుంది, ఫ్యాక్టరీలో పని తొందరగా అవుతుంది. అయితే ఆ గూడు మిల్లీమీటరులో ఏ కొన్ని వందోవంతులో పెద్దదైనా, గుండ్రం తప్పినా, కాలి బలం పడ్డప్పుడల్లా బేరింగు లోపల కదిలి అరుస్తుంది. ఇంత శాస్త్రం నాకెందుకు తెలుసు అంటారా? ప్రతి సైకిలువాడూ కొన్నప్పుడు కవి, వారంటీ అయ్యేసరికి ఇంజనీరు.

షాపు ఒక కాంప్లెక్సు సెల్లారులో ఉంది. సెల్లారుకు ఉండే మొదటి లక్షణం చదును. కుర్రాడు సైకిలును రిపేరు స్టాండుకు తగిలించాడు. చక్రాలు రెండూ గాల్లో. చేత్తో పెడలు తిప్పాడు. పట్టు జారినంత మెత్తగా తిరిగింది. చెవి దగ్గర పెట్టి విన్నాడు, నన్నూ వినమన్నాడు. ఏసీ శబ్దం వినిపించింది.

“సౌండ్ రావట్లేదు సార్.”

“స్టాండు మీద రాదు బాబూ. ఎత్తు ఎక్కితే వస్తుంది. కాస్త తొక్కి చూడు.”

“కస్టమర్ బండి బయటికి తీసుకెళ్ళకూడదు సార్. రూలు.”

“పోనీ ఇక్కడే తొక్కు.”

తొక్కాడు. రెండు పిల్లర్ల మధ్య, పార్క్ చేసిన కార్ల పక్కగా, పాపం శ్రద్ధగానే తొక్కాడు. అరవై కిలోలైనా ఉండడు. అక్కడ ఎక్కడానికి ఏమీ లేదు. జాబ్ కార్డు మీద రాశాడు: “జనరల్ చెకప్. నో ఇష్యూ ఫౌండ్.”

రెండోసారి వెళ్ళినప్పుడు వారంటీ క్లెయిము ఫారం ఇచ్చారు. పేరు, ఫ్రేము నంబరు, కొన్న తేదీ, అడ్రసు. నేను ఫిల్మ్‌నగర్ అని రాయగానే మేనేజరు కళ్ళు పైకెత్తాడు. అప్పటిదాకా నా మొహంలో కనపడని మనిషెవరో కనపడ్డట్టు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. “షూటింగ్‌కి ఏమైనా ఇచ్చారా సార్?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వారంటీ పుస్తకం తిప్పి చూపించాడు. ఇలాంటి పుస్తకాల్లో ఏమేమి కవర్ అవుతాయో ఒక పేరా, ఏవి కావో మిగతా పుస్తకం. ఫ్రేముకు మొదటి యజమాని బతికున్నంతకాలం వారంటీ. చైను, టైర్లు, బ్రేకు ప్యాడ్లు, కేబుళ్ళు అరిగే వస్తువులు కాబట్టి వాటికి లేదు. పందేలకు వాడితే లేదు. అద్దెకిస్తే లేదు. స్టంట్లు చేస్తే లేదు. ఆ చివరి రెండు ముక్కల మీదా వేలు పెట్టి, నా అడ్రసు మీద చూపు పెట్టాడు.

“నేను బ్యాంకులో పనిచేస్తానండీ.”

“మా దగ్గరికి వచ్చేవాళ్ళు అందరూ అలాగే చెబుతారు సార్.”

ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. ఫిల్మ్‌నగర్‌లో వస్తువు ఏదీ తన సొంత పని చేసుకుంటూ ఊరికే ఉండదు. మా వీధిలో ఒకాయన బుల్లెట్ బండి ఆయన కంటే ఎక్కువ సినిమాల్లో ఉంది. మా అపార్ట్‌మెంట్ మెట్లను పోలీసు స్టేషను మెట్లుగా వాడుకుంటామని ప్రొడక్షన్ మేనేజరు ఒకతను అడిగితే, అసోసియేషన్ వాళ్ళు రేటు దగ్గర తేలక వదులుకున్నారు. నా సైకిలును కూడా ఒక అసిస్టెంటు డైరెక్టరు అడిగాడు, హీరో తమ్ముడు కాలేజీకి వెళ్ళే సీనుకు. ఇవ్వలేదు. ఇవ్వలేదన్నదానికి రుజువు ఎక్కణ్ణుంచి తెచ్చేది?

మా పై ఫ్లాటులో ఒక సౌండ్ ఇంజనీరు గారున్నారు. సినిమాలో అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, చీర కుచ్చిళ్ళ చప్పుడు విడివిడిగా రికార్డు చేసి కలపడం ఆయన పని. లిఫ్టులో నా గోడు విని, “ఎత్తు మీద నేను వింటాను పదండి” అన్నారు. ఆదివారం పొద్దున నేను సైకిలు మీద, ఆయన బావమరిది నడిపే స్కూటరు వెనక తిరిగి కూర్చుని ఆయన, షేక్‌పేట దగ్గర బయల్దేరాం. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర బొచ్చు తొడుగు వేసిన మైకు. ఆ బొచ్చు సరిగ్గా నా కుడిపాదం పక్కన ఊగుతోంది.

సగం ఎక్కేసరికి వెనక పది బళ్ళు చేరాయి. టీ కొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు. “ఏ హీరో అన్నా?” అని ఒకడు. “హీరో కాదురా, హీరో ఫాదరు” అని ఇంకొకడు. ఒకావిడ నన్ను ఏదో సీరియల్లో చూశానని ఖాయం చేసేసింది. ఆయాసంతో నోరు తెరిచి తొక్కుతున్న నన్ను చూసి, “యాక్టింగ్ బాగుంది గానీ ఎక్కువ చేస్తున్నాడు” అన్నది ఎవరో తెలియదు. వాళ్ళను నేను క్షమించలేదు.

పైకెక్కాక ఇంజనీరు గారు హెడ్‌ఫోన్లు తీసి, నాడి చూసిన వైద్యుడి గంభీరంతో చెప్పారు. “సీటు కాదండీ. కింద నుంచే వస్తోంది, కుడివైపు. కిర్ర్ ముందు, టక్ తర్వాత. రెండూ వేర్వేరు.” ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు ఒక మనిషి విన్నాడు. ఆయన ఇంకో మాట కూడా అడిగారు. “మీరేమీ అనుకోకపోతే ఈ కిర్ర్ నాకు కావాలి.”

రికార్డింగు పట్టుకుని షాపుకు పరిగెత్తాను. మేనేజరు స్పీకరుకు కలిపి విన్నాడు. సెల్లారంతా మారుమోగింది. పాదం బరువు, గాలి, వెనక హారన్లు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కుర్రాళ్ళు పని ఆపి విన్నారు. మేనేజరు మెచ్చుకోలుగా తలూపాడు. “క్వాలిటీ చాలా బాగుంది సార్. ఇది డబ్బింగ్ కాదని ఏంటి గ్యారంటీ?”

మిగతాది త్వరగా చెప్పేస్తాను. ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను, చివరికి పై ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. భారీ మనిషి. రూలు పక్కనపెట్టి ఆయనే స్వయంగా ఎత్తు ఎక్కాడు. నా బరువుకు కిర్ర్‌మన్నది ఆయన బరువుకు కేకపెట్టింది. బీబీ మార్చమన్నాడు. కొత్తది నేరుగా మా ఇంటికే పంపుతామన్నారు. మా ఇంట్లో పగలు ఎవరూ ఉండరు కాబట్టి, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 10లో ఉన్న మా అక్కయ్య అడ్రసు ఇచ్చాను. అది బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10కి వెళ్ళింది. ఈ ఊళ్ళో రెండు హిల్స్‌కూ వేర్వేరుగా నంబర్లు వేసినవారు కొరియర్ల గురించి ఆలోచించి ఉండరు. అక్కడ ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారు కూడా. ఆ బీబీతో వాళ్ళేం చేసుకున్నారో ఇప్పటికీ మా ఇంట్లో చర్చనీయాంశం.

ఇంకొకటి వచ్చింది, వేశారు, శబ్దం పోయింది. హాయిగా కొన్నాళ్ళు గడిచాక వెనక గేర్లు మొదలుపెట్టాయి. ఒకటి నొక్కితే రెండు పడేవి, మరోసారి అసలు పడేది కాదు. చైను పళ్ళ మీంచి జారి స్పోకుల వైపు పడేది. దీనికి మూలం ఆర్డీ కాదు (ఆర్డీ అంటే రియర్ డీరెయిలర్, చైనును ఒక గేరు మీంచి ఇంకో గేరు మీదికి జరిపేది), ఆర్డీని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరు అనే చిన్న అల్యూమినియం ముక్క. దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. సైకిలు కుడివైపు పడ్డప్పుడు ఫ్రేము విరగకుండా దెబ్బ తాను తిని వంగిపోవడమే దాని ఉద్యోగం. ఫైటులో హీరో బదులు దెబ్బలు తినే డూపు అన్నమాట. డూపుకు ఎలాగో దీనికీ అలాగే వారంటీ లేదు.

చైను పడిందని చెప్పినప్పుడల్లా షాపు కుర్రాళ్ళు ఒకే జోకు వేస్తారు. 1989లో వచ్చిన ‘శివ’లో నాగార్జున సైకిలు చైను ఒక్క ఉదుటున లాగి చేతికి చుట్టుకున్న సీను, అప్పటికి పుట్టని పిల్లలకు కూడా కంఠోపాఠం. నిజానికి చైను అలా తెగదు. ఒక్కో లింకునూ పట్టి ఉంచే పిన్నును నొక్కి తియ్యడానికి ప్రత్యేకంగా ఒక పనిముట్టే ఉంది. ఆ సినిమా పుణ్యమా అని ఎందరు కాలేజీ కుర్రాళ్ళు చేతులకు గ్రీజు పూసుకుని ఇంటికెళ్ళారో. మా సైకిలు విషయంలో అంత వీరత్వం అక్కర్లేదు. చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర గేరు మారిస్తే చైను తనంతట తానే దిగుతుంది. అదే సినిమాలో హీరో అన్నకూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని రౌడీల నుంచి తప్పించుకునే ఛేజు ఉంది చూడండి, ఆ సైకిలుకు గేర్లు లేవు. అందుకే తప్పించుకున్నాడు.

నన్ను ఓదార్చడానికి ఒక సైకిలు మిత్రుడు పెద్దవాళ్ళ కష్టాలు చెప్పాడు. జపాన్‌కు చెందిన షిమానో ప్రపంచంలోనే పేరున్న సైకిలు విడిభాగాల కంపెనీ. 2012 నుంచి 2019 దాకా చేసిన వాళ్ళ ఖరీదైన క్రాంకులు, అంటే పెడళ్ళు బిగించే కడ్డీలు, కొన్ని రెండు ముక్కలు అంటించిన చోట విడిపోతున్నాయని 4,500కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. 2023 సెప్టెంబరులో తనిఖీకి పిలిచారు. ఒక్క అమెరికాలోనే 6,80,000. నా సైకిలుకు ఉన్నవి అవి కావు. అయినా వివరం వింటే నాకు వెంటనే ఆత్మబంధుత్వం కలిగింది. ఎందుకంటే అక్కడ కూడా షాపుకు తీసుకెళ్తే చూసి, విడిపోతున్న ఆనవాలు కనపడితేనే కొత్తది ఇచ్చారు. కనపడకపోతే తొక్కుకోమన్నారు. అమెరికాలో కూడా సెల్లార్లు ఉన్నాయన్నమాట.

“ఎత్తులు మానేసి చదునులో తొక్కండి” అని మా ఆవిడ సలహా. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు ఉంది, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, ఎండ తగలదు, వాన తగలదు. వెళ్ళాను. సైకిలు అక్కడ ఎంత బుద్ధిగా నడిచిందంటే, దాని మీద నేను పెట్టిన ఫిర్యాదులన్నీ అబద్ధాలేమోనని నాకే అనిపించింది. తిరిగి వచ్చి ఫిల్మ్‌నగర్ ఎత్తు మొదలవ్వగానే, కిర్ర్. కొత్త బీబీలోంచే.

ఆ పాత కిర్ర్ మాత్రం స్థిరపడింది. టక్ తీసేసి, వేగం తగ్గించి, ఇంజనీరు గారు దాన్ని ఒక దయ్యాల సినిమాలో పాడుబడ్డ బంగళా తలుపుకు పెట్టారు. థియేటర్లో తలుపు తెరుచుకోగానే నా పక్కసీటు పిల్ల కెవ్వుమంది. మా ఆవిడ మాత్రం నా చెవిలో, “ఏమండీ, మన సైకిలు!” అంది. పారితోషికం అడగలేదు. అడిగితే వారంటీ పోతుంది.

ఇక మీకు పనికొచ్చే మాటలు. జాబ్ కార్డు మీద మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే సంతకం పెట్టకండి, కాపీ లేకుండా బయటికి రాకండి. మాట వినకపోతే 1915 అని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను ఉంది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల చట్టం కింద, కొన్న ధర 5 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేకుండా కేసు వేసుకోవచ్చు. గొడవ మొదలైన రెండేళ్ళలోపే వెయ్యాలి, ఆ తర్వాత కుదరడం కష్టం. నేనింకా అంతదాకా వెళ్ళలేదు. కాయితాలు సిద్ధంగా ఉన్నాయి. అడ్రసు దగ్గర ఆఫీసుది రాశాను.

సైకిలు షాపు పెట్టాలనుకునేవాళ్ళకు ఒక విన్నపం. దయచేసి సెల్లారులో పెట్టకండి. షేక్‌పేట ఎత్తు మొదట్లో అద్దెలు జూబ్లీహిల్స్‌లో కంటే తక్కువే.